బాండు గడువులో రెండో కేసు

ప్రొబేషన్ అనేది భారతదేశ చట్టంలో శిక్షా కాదు, నిర్దోషి అని చెప్పే తీర్పూ కాదు. నేరం రుజువైన తరువాత శిక్ష విధించడాన్ని న్యాయస్థానం కొంతకాలం ఆపి, ఆ కాలమంతా సత్ప్రవర్తనతో మెలగుతామని, పిలిచినప్పుడు వచ్చి శిక్ష స్వీకరిస్తామని నేరస్థుల చేత బాండు రాయించుకుని, కావలసివస్తే జామీనుదారుల సంతకాలు కూడా తీసుకుని, వారిని ఇంటికి పంపించే ఏర్పాటు అది. దుకాణంలో చేతివాటం చూపిన కేసులో ఈ విధంగా బయటపడిన వ్యక్తి, బాండు గడువు ముగియకముందే మళ్లీ అదే ఆరోపణతో పట్టుబడితే చట్టం ఏమంటుంది, దేన్ని తోసిపుచ్చుతుంది, దేన్ని ఇంకా మిగిల్చి ఉంచుతుంది అన్నది ఈ ప్రసంగానికి విషయం.

ఈ ప్రశ్నకు హైదరాబాదు తూర్పు భాగంలో ప్రత్యేకమైన సందర్భం ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మొదలై చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ చౌరస్తా దాకా, అక్కడి నుంచి మన్సూరాబాద్, వనస్థలిపురాల వైపు సాగే దారి పొడవునా చీరల షోరూములు, నగల దుకాణాలు, సూపర్ మార్కెట్లు, సెల్‌ఫోన్ షాపులు బారులు తీరి ఉంటాయి. కోచింగ్ సెంటర్ల కోసం జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పద్దెనిమిది, ఇరవై ఏళ్ల యువతీయువకులు ఈ దుకాణాలకు నిత్యం వచ్చేవారే. రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయం కూడా ఎల్.బి.నగర్‌లోనే ఉన్నందువల్ల, ఒక వ్యక్తి రెండోసారి పట్టుబడిన దుకాణానికీ, మొదటి బాండు కాగితం భద్రపరచిన కోర్టుకూ మధ్య దూరం ఒకటి రెండు మెట్రో స్టేషన్లు మాత్రమే కావచ్చు. అయినా చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు వ్యవహారాలు, రెండు వేర్వేరు ఫైళ్లు. ఈ సంగతి మరచిన చోటనే చాలామంది నష్టపోతారు.

ప్రొబేషన్ చరిత్ర 1841లో అమెరికాలోని బోస్టన్ నగరంలో చెప్పులు కుట్టే వృత్తిలో ఉన్న జాన్ ఆగస్టస్ అనే వ్యక్తితో మొదలైందని చెబుతారు. ఆయన ఒక తాగుబోతుకు పూచీ పడి కోర్టు నుంచి విడిపించి, పనిలో పెట్టి, మారిన మనిషిగా తిరిగి కోర్టు ముందు నిలబెట్టాడు. 1859లో మరణించేవరకు దాదాపు రెండు వేల మందికి ఇదే విధంగా అండగా నిలిచాడు. ఇంగ్లండు 1907లో ఈ పద్ధతికి చట్టరూపం ఇవ్వగా, ఆంధ్ర ప్రాంతం అంతర్భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ 1936 నాటి శాసనంతో దాన్ని అనుసరించింది, దేశమంతటికీ వర్తించేలా పార్లమెంటు 1958లో నేరస్థుల ప్రొబేషన్ చట్టాన్ని చేసింది. ఈ చట్టానికి తొలినాళ్లలోనే విశాలమైన అర్థం చెప్పినవారిలో రాజమండ్రికి చెందిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ముఖ్యులు. 1964లో రతన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పును ఆయనే వెలువరిస్తూ, కింది కోర్టు శిక్ష విధించేనాటికి ఆ ప్రాంతంలో ఈ చట్టం ఇంకా అమలులోకి రాకపోయినా, అప్పీలు విచారించే కోర్టు దాని ప్రయోజనాన్ని నేరస్థునికి కల్పించవచ్చునని నిర్ణయించారు.

ఆ చట్టంలో 3వ సెక్షన్, 4వ సెక్షన్ రెండు వేర్వేరు మెట్లు. తప్పు దండంతో సరి అన్న మన సామెతకు దగ్గరగా ఉండేది 3వ సెక్షన్. దొంగతనం వంటి కొన్ని నేరాలలో, పూర్వ శిక్షార్హత (అంటే గతంలో దోషి అని తేల్చిన తీర్పు) ఏదీ రుజువు కానప్పుడు, నేరస్థుని మందలించి పంపివేయడానికి అది వీలు కల్పిస్తుంది. మరణశిక్షకు గాని యావజ్జీవ శిక్షకు గాని తావులేని ఏ నేరంలోనైనా, మూడేళ్లకు మించని గడువుతో, సత్ప్రవర్తన షరతుపై బాండు తీసుకుని విడుదల చేయడానికి 4వ సెక్షన్ అవకాశమిస్తుంది. నేరస్థునికో జామీనుదారుకో ఆ కోర్టు పరిధిలో స్థిరనివాసం లేదా క్రమమైన వృత్తి ఉండాలన్నది దాని నియమం. మూడు నెలలకొకసారి హాస్టలు మారే విద్యార్థికీ, అద్దె ఇల్లు మారే కూలీ కుటుంబానికీ ఈ నియమం చిన్న అడ్డంకి కాదు. కోర్టు అవసరమనుకుంటే బాండుకు తోడు పర్యవేక్షణ ఉత్తర్వు కూడా ఇస్తుంది. అప్పుడు ఆ వ్యక్తి ప్రొబేషన్ అధికారి కనుసన్నలలో కనీసం ఏడాది గడపవలసి ఉంటుంది.

ఇక రెండో ఆరోపణ వచ్చినప్పుడు పాత బాండు దానంతటదే రద్దవుతుందన్న అభిప్రాయం జనంలో బలంగా ఉంది. కొందరు ప్లీడరు గుమాస్తాలు సైతం అదే మాట చెబుతారు. 9వ సెక్షన్ చెప్పేది వేరు. బాండు షరతును ఉల్లంఘించారని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు, ప్రొబేషన్ అధికారి నివేదిక మీద గాని మరో విధంగా గాని ఆ సంగతి తెలిసిన కోర్టు సమన్లో వారంటో జారీ చేసి, నేరస్థుని, జామీనుదారులను పిలిపించి, విషయం విని, ఉల్లంఘన జరిగిందని తృప్తి చెందిన తరువాతనే చర్య తీసుకోవాలి. పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేశారన్నది ఆరోపణ మాత్రమే, ఉల్లంఘనకు రుజువు కాదు. ఉల్లంఘన రుజువైనా కోర్టు ముందు రెండు దారులు ఉంటాయి: ఒకటి, ఆనాడు ఆపిన శిక్షను ఇప్పుడు విధించడం, రెండోది, అది తొలి ఉల్లంఘన అయితే బాండును అలాగే కొనసాగనిస్తూ యాభై రూపాయలకు మించని జరిమానా వేయడం. 1958 నాటి ఆ యాభై రూపాయల అంకె నేటికీ మారలేదు. నేటి విలువలో అది నవ్వు తెప్పించేదే గాని, శాసనకర్తలు ఒక తడబాటును బాండు రద్దుకు చాలినంత కారణంగా భావించలేదనడానికి అదే సాక్ష్యం.

కొత్త కేసు సంగతి ఇంతకంటె చిక్కుతో కూడినది. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. దాని 303వ సెక్షన్ ప్రకారం సాధారణ దొంగతనానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంటుంది. కాని వస్తువు విలువ ఐదు వేల రూపాయల లోపు ఉండి, నేరస్థునికి అదే తొలి శిక్షార్హత అయి, వస్తువును గాని దాని విలువను గాని తిరిగి ఇచ్చేస్తే, జైలుకు బదులు సమాజసేవ మాత్రమే శిక్ష. సమాజసేవ అంటే కోర్టు ఆదేశం మేరకు జీతం లేకుండా ప్రజలకు ఉపయోగపడే పని చేయడం. అదే సెక్షన్ రెండోసారి, ఆ పైన శిక్షార్హులైనవారికి ఏడాదికి తగ్గని, ఐదేళ్ల దాకా పోగల కఠిన కారాగార శిక్షను నిర్ణయించింది. మొదటిసారికి చీపురు, రెండోసారికి ఏడాది జైలు అన్న ఈ ఎగుడుదిగుడు కొత్త సంహితలోని అతి కఠినమైన మలుపులలో ఒకటి.

దీనికి తోడు ఏ సెక్షన్ కింద కేసు పెడతారన్నది మరో ప్రశ్న. నివాసానికి గాని, వస్తువులు భద్రపరచడానికి గాని వాడే కట్టడంలో జరిగే దొంగతనానికి 305వ సెక్షన్ ఏడేళ్ల వరకు శిక్ష విధిస్తుంది; దుకాణాన్ని సరుకు భద్రపరిచే కట్టడంగా భావించి పోలీసులు దీని కింద కూడా కేసులు నమోదు చేయడం కద్దు. 1,499 రూపాయల చీటీ ఉన్న కుర్తీని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక యువతి దాన్ని ట్రయల్ రూములోకి తీసుకువెళ్లి, సెక్యూరిటీ ట్యాగును తెంపి, సంచిలో అడుగున పెట్టుకుని, బిల్లింగ్ కౌంటరు దాటి గుమ్మం దగ్గర పట్టుబడిందనుకుంటే, ఆ కుర్తీ 303వ సెక్షన్‌లోకి వస్తే విలువ ఐదు వేల లోపు కనుక అది పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయరాని, జామీను హక్కుగా దొరికే నేరం అవుతుంది. 305వ సెక్షన్‌లోకి వస్తే అదే కుర్తీ పోలీసులు నేరుగా కేసు కట్టగల, జామీను కోసం కోర్టును ఆశ్రయించవలసిన నేరంగా మారుతుంది. వస్తువు ఒకటే, చేసిన పని ఒకటే, తేడా అంతా ఎఫ్.ఐ.ఆర్. రాసే కలంలో ఉంది. విలువకు హద్దు గీసినప్పుడల్లా ఇటువంటి వంకర తప్పడం లేదు. 1699లో ఇంగ్లండు ఐదు షిల్లింగులు, అంతకు మించిన సరుకు దుకాణం నుంచి దొంగిలిస్తే ఉరి అని శాసించగా, మనసు ఒప్పని జ్యూరీలు ఎంత ఖరీదైన గుడ్డనైనా ఐదు షిల్లింగులకు తక్కువే అని విలువ కట్టి ప్రాణాలు కాపాడేవి.

పట్టుబడిన ఆ తొలి గంటలో జరిగే పనులు కేసు గతిని చాలావరకు నిర్ణయిస్తాయి. తన ఎదుట జామీను దొరకని, పోలీసులు నేరుగా చేపట్టదగిన నేరం చేసిన వ్యక్తిని సామాన్య పౌరుడు కూడా నిర్బంధించవచ్చునని నేర విచారణ విధానాన్ని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతున్నా, ఆరు గంటలలోపు పోలీసులకు అప్పగించాలన్న షరతు దానికి ఉంది. స్త్రీని సోదా చేయవలసి వస్తే మరో స్త్రీయే మర్యాదకు భంగం లేకుండా చేయాలన్నది మరో నియమం. దుకాణం వెనక గదిలో కూర్చోబెట్టి, వస్తువు ధరకు పది రెట్లు కట్టించుకునే అధికారం ఏ చట్టమూ ఎవరికీ ఇవ్వలేదు. ‘తప్పయిపోయింది, ఇంకెప్పుడూ చేయను’ అని అక్కడ రాయించుకునే కాగితం మాత్రం ప్రమాదకరమైనది. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు గాని, దుకాణ మేనేజరుకు స్వచ్ఛందంగా రాసి ఇచ్చినది చెల్లే అవకాశం ఉంది. భయపెట్టో ఆశపెట్టో రాయించారని తేలితేనే అది వీగిపోతుంది. బాండు గడువులో ఉన్న వ్యక్తి విషయంలో ఆ ఒక్క కాగితం కొత్త కేసులోనూ పాత కోర్టులోనూ రెండు చోట్లా ఎదురు తిరుగుతుంది.

అరెస్టు విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పు ప్రకారం ఏడేళ్ల లోపు శిక్ష గల నేరాలలో పోలీసులు యాంత్రికంగా అరెస్టు చేయక, హాజరు కావలసిందిగా నోటీసు ఇవ్వడమే సాధారణ పద్ధతి కావాలి. కాని మళ్లీ నేరం చేయకుండా ఆపడానికి అరెస్టు అవసరమని పోలీసులు కారణం చూపవచ్చు గనుక, పాత బాండు ఉన్నవారికి ఈ రక్షణ కొంత పలచబడుతుంది. విచారణలో మాత్రం పాత కేసు ప్రస్తావన తేలికగా రాకూడదు. కొత్త నేరం రుజువయ్యేవరకు పూర్వ శిక్షార్హతను నిందితుని చెడునడతకు నిదర్శనంగా కోర్టు ముందు పెట్టడానికి సాక్ష్య చట్టం సాధారణంగా ఒప్పుకోదు. ఎక్కువ శిక్ష కోరదలచుకుంటే పాత తీర్పు తేదీని, స్థలాన్ని ప్రాసిక్యూషన్ అభియోగంలో పేర్కొనాలి, దాని రుజువు కొత్త నేరం తేలిన తరువాతే రావాలి. సీసీ కెమెరా దృశ్యాలకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం తప్పనిసరి. కౌంటరు దగ్గరి దృశ్యం ఒక్కటే ఇచ్చి ట్రయల్ రూము బయటి దృశ్యం ఇవ్వకపోతే, దురుద్దేశమా మతిమరుపా అన్న ప్రశ్నకు సమాధానం దొరకదు. దొంగతనంలో దురుద్దేశమే ప్రాణం.

తొలిసారి పట్టుబడినవారికి తెరిచి ఉన్న దారులు రెండోసారి ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి. సాధారణ దొంగతనం కేసులో సొత్తు యజమాని ఒప్పుకుంటే రాజీ పడవచ్చు, రాజీ కుదిరితే ఫలితం నిర్దోషిగా విడుదలే. కాని పూర్వ శిక్షార్హత కారణంగా అధిక శిక్షకు లోనయ్యే నిందితునికి రాజీ వర్తించదని సురక్షా సంహిత 359వ సెక్షన్ స్పష్టంగా నిషేధించింది. 305వ సెక్షన్ నేరమైతే రాజీ మొదటికే లేదు. నేరం ఒప్పుకుని తగ్గింపు శిక్షతో కేసు ముగించుకునే ప్లీ బార్గెయినింగ్‌లో, అదే నేరానికి ఇంతకు మునుపు శిక్షార్హత పొందలేదని ప్రమాణపత్రం దాఖలు చేయాలి. విచారణ ఖైదీగా గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం గడిపితే విడుదల చేయాలన్న నియమం ఎన్నడూ శిక్షార్హత పొందనివారికే. మిగిలినవారు సగం కాలం దాకా ఆగాలి. ప్రొబేషన్ చట్టం 3వ సెక్షన్ కింది మందలింపు సైతం దొరకదు, ఎందుకంటే పాత ప్రొబేషన్ ఉత్తర్వును పూర్వ శిక్షార్హతగానే లెక్కించాలని ఆ సెక్షన్‌కు ఇచ్చిన వివరణే చెబుతున్నది.

ఇన్ని మూసుకున్నా 4వ సెక్షన్ మాత్రం అక్షరార్థంలో తెరిచే ఉంది. పూర్వ శిక్షార్హత ఉండకూడదన్న మాట 3వ సెక్షన్‌లో ఉంది గాని 4వ సెక్షన్‌లో లేదు. కేసు పరిస్థితులను, నేర స్వభావాన్ని, నేరస్థుని నడవడిని చూసి కోర్టు నిర్ణయించాలని మాత్రమే అది అంటుంది. కనీస శిక్ష నిర్ణయించిన నేరంలో ప్రొబేషన్‌కు చోటుందా అన్న సందేహానికి కూడా 2021లో లఖ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సమాధానం చెప్పింది. ఏడేళ్ల కనీస శిక్ష ఉన్న పాత శిక్షాస్మృతి 397వ సెక్షన్ కేసులోనే ప్రొబేషన్ చట్టం వర్తించడానికి అడ్డు లేదని అది తేల్చింది గనుక, ఏడాది కనీస శిక్ష ఉన్న దొంగతనం కేసులో ఆ వాదనకు బలం చాలా ఉంటుంది. ఇరవై ఒక్క ఏళ్లలోపు వారి విషయంలో 6వ సెక్షన్ మరింత ముందుకు వెళ్లి, జైలు తప్ప గత్యంతరం లేదని తోచినప్పుడే జైలుకు పంపాలని, ఆ కారణాలు రాయాలని, నిర్ణయానికి ముందు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలని నిర్దేశించింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే విద్యార్థులలో ఎక్కువమంది ఈ వయసువారే.

కనుక రెండో కేసులో మనిషిని చట్టం ఎలా చూస్తుందన్నది దాదాపు పూర్తిగా ఆ నివేదిక మీద ఆధారపడుతుంది. మంచి నివేదిక అంటే ‘నడవడి తృప్తికరం’ అన్న రెండు ముక్కలు కాదు. మన్సూరాబాద్‌లోనో మరోచోటనో నేరస్థుని కుటుంబం ఉండే వీధికి వెళ్లి, సంపాదన ఎంత, అప్పు ఎవరికి, దొంగిలించిన వస్తువు అవసరానిదా ఆడంబరానిదా, అమ్ముకోవడానికా వాడుకోవడానికా, మొదటి కేసు తరువాత ఏం మారింది అని విచారించి రాసినదే మంచి నివేదిక. అవసరం లేకపోయినా దొంగిలించాలన్న తహతహను ఆపుకోలేని క్లెప్టోమేనియా అనే మానసిక రుగ్మతను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల వర్గీకరణలో గుర్తించింది. చేస్తున్న పని తెలిసే చేస్తారు కనుక ఈ రుగ్మత నేరం నుంచి మినహాయింపు ఇప్పించడం కష్టం. అయితే చికిత్స మొదలుపెట్టినట్టు వైద్యుని ధ్రువపత్రంతో నివేదికలోకి ఎక్కితే, బాండుకు చికిత్సను షరతుగా చేర్చడానికి కోర్టుకు ఆధారం దొరుకుతుంది. చట్టం 14వ సెక్షన్ ప్రొబేషన్ అధికారికి విచారణ, పర్యవేక్షణలతో పాటు అవసరమైతే ఉద్యోగం చూపించే బాధ్యతను సైతం అప్పగించింది. ఆ చివరి బాధ్యత అచ్చులో ఉన్నంతగా ఆచరణలో కనిపించకపోవడమే ఈ వ్యవస్థలోని అసలు లోపమని చెప్పక తప్పదు.

బాండు నిలవడం వల్ల కలిగే లాభం జైలు తప్పడంతో ఆగదు. ప్రొబేషన్ పొందినవారికి శిక్షార్హత వల్ల వచ్చే చట్టపరమైన అనర్హతలు వర్తించవని 12వ సెక్షన్ అంటుంది. 9వ సెక్షన్ కింద పాత నేరానికి శిక్ష పడినవారికి మాత్రం ఈ రక్షణ పోతుందని అదే సెక్షన్ చివర చేర్చారు. అనర్హత తొలగినంత మాత్రాన తీర్పు చెరిగిపోదు. ఉద్యోగి నడవడిని బట్టి శాఖాపరమైన చర్య తీసుకునే హక్కు యజమానికి ఉంటుందని 1975లో చల్లప్పన్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది, ప్రభుత్వోద్యోగ దరఖాస్తులో అడిగిన కేసు వివరాలు దాచడం వల్ల కలిగే పర్యవసానాలను 2016 నాటి అవతార్ సింగ్ తీర్పు వివరంగా చర్చించింది.

విదేశాలకు వెళ్లేవారికి ఈ 12వ సెక్షన్ అండ కూడా చాలదు. 2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో ఒక సూపర్ మార్కెట్‌లో సరుకులకు డబ్బు కట్టలేదన్న ఆరోపణపై ఇద్దరు తెలుగు విద్యార్థినులు అరెస్టయిన వార్త ఇక్కడి ఇళ్లలో పెద్ద చర్చకే దారితీసింది. రెట్టింపు కట్టి వదిలించుకోవచ్చునన్న మన బజారు లెక్క అక్కడ చెల్లదు. దొంగతనాన్ని నైతిక పతనాన్ని సూచించే నేరంగా పరిగణించే అమెరికా వలస చట్టం, వేర్వేరు సందర్భాలలో అటువంటి రెండు నేరాలకు శిక్షార్హులైన విదేశీయులను దేశం నుంచి పంపివేయడానికి అవకాశమిస్తుంది. 1996లో చేసిన నిర్వచనం ప్రకారం నేరం ఒప్పుకుని ప్రొబేషన్ పొందడం కూడా శిక్షార్హతే. దొంగతనం వంటి నేరాలు వీసా రద్దుకు దారితీయవచ్చునని 2025 జూలైలో భారతదేశంలోని అమెరికా రాయబార కార్యాలయం బహిరంగంగానే హెచ్చరించింది.

ఇక్కడి కేసులో ఆలస్యమే పెద్ద నష్టం. కొత్త కేసులో జామీను దొరకగానే పని అయిపోయిందనుకుని ఊరుకుంటే, పాత కోర్టు నుంచి సమన్లు అందేనాటికి ప్రొబేషన్ అధికారి నివేదిక ఒకవైపు కథతోనే వెళ్లిపోయి ఉంటుంది. అందుకు బదులు ఆ అధికారిని ముందే కలిసి, జరిగినదేదో న్యాయవాది సలహాతో చెప్పి, నివాసం, పని, చికిత్స తాలూకు కాగితాలు ఇవ్వడం, పాత జామీనుదారులకు విషయం తెలపడం, 9వ సెక్షన్ విచారణలో యాభై రూపాయల జరిమానా దారిని కోరడం జరగాలి. ఫీజు ఇచ్చుకోలేనివారికి ఎల్.బి.నగర్ కోర్టుల ప్రాంగణంలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు, 15100 నంబరుకు ఫోను చేసినా ఆ సహాయం అడగవచ్చు.